ఆదివారం అబద్ధం

సవాయీ దీవి ఉత్తరపు ఒడ్డున ఎవరికి నడుము పట్టేసినా, మెడ తిరగకపోయినా, బాలింతకు పొట్ట జారినా మాకెరీటా ఇంటికే వస్తారు. ఆ ఇంటికి గోడల్లేవు. చుట్టూ స్తంభాలు, పైన కప్పు, వాన కొడితే దించుకునే కొబ్బరాకు తడికలు. నడిమధ్య పరిచిన చాప మీద తెల్లవారేసరికే ఎవరో ఒకరు బోర్లా పడుకుని మూలుగుతూ ఉంటారు. దారిన పోయేవాళ్ళు ఆగి, పడుకున్నది ఎవరో గుర్తుపట్టి, ఏమైందని అడిగి మరీ వెళతారు.

మర్దన విద్య ఆమెకు అమ్మమ్మ నుంచి వచ్చింది. ఒంటి మీద చెయ్యి పడకముందే నొప్పి ఎక్కడుందో ఆ అమ్మమ్మకు తెలిసిపోయేదని చెప్పుకుంటారు. మాకెరీటాకు చెయ్యి పడ్డాక తెలుస్తుంది. ఊరికి ఆ మాత్రం చాలు. బెణుకు, వాపు, పట్టు, పొట్టలో వాయువు, అన్నీ ఆమె బొటనవేళ్ళకు దొరికిపోతాయి.

నూనె మాత్రం ఆమె భర్త మతాయో చేసేవాడు. ముదురు కాయలు ఒలిచి, కోరాము మీద కూర్చుని పొద్దున్నుంచి కోరి, ఆ కోరును పాత పడవ తొట్టిలో వేసి ఎండకు పెట్టేవాడు. నాలుగైదు రోజులకు నూనె ఊరి పక్కకు దిగేది. దాన్ని గుడ్డలో వడకట్టి, పసుప్పచ్చని మోసోఓయి పూలు గుప్పెళ్ళకొద్దీ వేసి మళ్ళీ ఎండబెట్టేవాడు. ఆ పూలు సాయంత్రం కోస్తే వాసన మత్తుగా ఉంటుంది, పొద్దున్నే కోస్తే తేటగా ఉంటుంది. మతాయో పొద్దున్నే కోసేవాడు. మాట తక్కువ మనిషి. కోరేటప్పుడు ఎడమ చేయి ఆనించి, కుడి చేత్తో తిప్పుతూ, సముద్రం వైపు చూస్తూ ఉండేవాడు.

పొరుగింటి ముసలి ఓలీవాకు మోకాళ్ళ నొప్పి. వారానికి రెండుసార్లు చాప మీదకు వచ్చేది. నొప్పి తగ్గుతున్నకొద్దీ నోరు లేచేది. ఒకరోజు మతాయో వింటుండగానే అంది: "నీ చేతులు ఊరందరి సొత్తే తల్లీ. పాపం ఆయనకి నీ వంటొకటే మిగిలింది. అదీ ఉప్పెక్కువ."

మతాయో నవ్వాడు. మాకెరీటా కూడా నవ్వి, ముసలిదాని పిక్కను కాస్త గట్టిగా నొక్కింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. పిల్లలిద్దరూ అపియా పట్నంలో చదువుకుంటున్నారు. మొగుడూపెళ్ళాల మధ్య గొడవ లేదు, కేక లేదు. లేనిది ఇంకేదైనా ఉందా అని ఆమె ఏనాడూ ఆలోచించలేదు.

ఆ ఏడు ఆక్లాండు నుంచి తిరిగొచ్చిన తిరేసా అనే ఆవిడ ఒడ్డున ఉన్న చిన్న హోటల్లో మర్దనశాల తెరిచింది. మాకెరీటా నూనె వాసన చూసి, ఇది తప్ప వేరే నూనె వాడనంది. తరవాత ఇంకో కోరిక కోరింది. హోటలుకు వచ్చే జంటలకు, ఒకరి ఒంటికి ఒకరు ఎలా నూనె రాసుకోవాలో బుధవారం బుధవారం నేర్పమంది. మాకెరీటా మొదట సిగ్గుపడింది. నొప్పి లేనివాళ్ళకు మర్దనేమిటని అడిగింది. నొప్పి తియ్యడానికి కాదనీ, పక్కపక్కనే ఉంటూ ఒకళ్ళనొకళ్ళు మరిచిపోయినవాళ్ళ కోసమనీ తిరేసా చెప్పింది.

నేర్పడం మొదలుపెట్టాక అది ఆమెకు బాగానే వచ్చింది. నూనె నేరుగా ఒంటి మీద పోయొద్దు, అరచేతుల్లో వెచ్చబెట్టండి అనేది. చెయ్యి పెట్టగానే కదిలించొద్దు, కింద ఊపిరి ఎలా నడుస్తోందో తెలిసేదాకా ఆగండి అనేది. ఏదో బాగుచెయ్యాలని చూడకండి, మీ వాళ్ళు పాడైపోయిన పడవలు కారు అంటే అందరూ నవ్వేవారు. చెయ్యి అడగాలి గాని ఆజ్ఞాపించకూడదని అమ్మమ్మ చెప్పిన మాట చెప్పేది. ఒద్దంటే ఆగాలి, ఊరుకుంటే మళ్ళీ అడగాలి. వింటూ కూర్చున్న జంటలు మెల్లగా దగ్గరకు జరిగేవారు.

ఒక బుధవారం బ్రిస్బేన్ నుంచి వచ్చిన నోరీన్, గ్రాహమ్ అనే దంపతులు కూర్చున్నారు. ఇద్దరికీ అరవై దాటాయి. గ్రాహమ్‌కు గుండె ఆపరేషన్ అయి ఏడాదైంది. పాఠం అయ్యాక నోరీన్ చెయ్యెత్తి అడిగింది, మీరూ మీ ఆయనా ఇలాగే చేసుకుంటారా అని.

మాకెరీటా నోట్లోంచి మాట దానంతటదే జారింది. ప్రతి ఆదివారం అంది. చర్చి అయ్యాక, భోజనాలయ్యాక, ఊరంతా నిద్రపోయే వేళ మాదని చెప్పింది. ఆదివారం మా ఊళ్ళో ఎవరూ పని చెయ్యరు కాబట్టి నా చేతులు ఆ ఒక్క రోజే ఖాళీ అని కూడా కలిపింది. చెబుతుంటే నిజంలాగే ఉంది. నిజానికి ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంటి వెనక పక్క చాప మీద గుర్రుపెట్టి నిద్రపోయేది. అతను పనస చెట్టు కింద ఒంటరిగా కూర్చునేవాడు.

ఆ మాట తిరేసాకు ఎంత నచ్చిందంటే, నెల తిరక్కుండా సీసాల మీద కొత్త కాగితం అంటించింది: 'ఆదివారం. మాకెరీటా, మతాయోల నూనె.' ఆ సీసాను మతాయో చేతిలో పట్టుకుని రెండు పక్కలా తిప్పి చూశాడు. ఆదివారమని ఎందుకు పెట్టారని అడిగాడు. తిరేసా పెట్టిందిలే అని మాకెరీటా లేచి పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి సీసా కనబడితే చూపు తిప్పుకునేది. అయినా తరవాతి బుధవారం, ఆపై బుధవారం, అదే మాట చెప్పింది. ఒకసారి చెప్పిన అబద్ధానికి రెండోసారి సిగ్గు తక్కువ.

రెండు నెలలకు నోరీన్, గ్రాహమ్ మళ్ళీ వచ్చారు. ఈసారి నూనె ఎలా చేస్తారో చూస్తామని నేరుగా ఊళ్ళోకి వచ్చారు. మాకెరీటా చాప మీద ఎవరి భుజమో రుద్దుతోంది. మతాయో కోరాము మీద ఉన్నాడు. ఒకప్పుడు న్యూజిలాండ్ తోటల్లో పళ్ళు కోసినవాడు కాబట్టి అతనికి ఇంగ్లీషు అర్థమవుతుంది.

నోరీన్ అతని ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఆపరేషన్ తరవాత గ్రాహమ్‌ను ముట్టుకోవాలంటే తనకు భయమేసేదని, తను ముట్టుకుంటే పగిలిపోతాడేమో అనిపించేదని చెప్పింది. అతనూ జాలితో ముట్టుకుంటోందేమో అనుకుని దూరం జరిగేవాడట. ఏడాది పాటు ఒకే మంచం మీద రెండు చెక్క ముక్కల్లా పడుకున్నారట. "మీ ఆదివారాల గురించి విన్నాకే మాకు ధైర్యమొచ్చింది" అంది. "ఇన్నేళ్ళయినా మీరు వదల్లేదంటే, మేమూ మొదలుపెట్టొచ్చు కదా అనుకున్నాం."

మాకెరీటా చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు. కోరు చప్పుడు ఆగింది.

"అవును, ఆదివారమే" అన్నాడు మతాయో, తన నెమ్మది ఇంగ్లీషులో. "భోజనాలయ్యాక. ముందు నువ్వా నేనా అని ప్రతిసారీ వాదనే. తను పాదాల దగ్గర మొదలుపెడుతుంది. నాకు మెడ దగ్గర మొదలుపెట్టడం ఇష్టం. ఎప్పుడూ తనే గెలుస్తుంది."

గ్రాహమ్ పెద్దగా నవ్వాడు. నోరీన్ కళ్ళు తుడుచుకుంది. మతాయో మళ్ళీ కోరడం మొదలుపెట్టాడు.

అతను అవునన్నందుకు కాదు, పాదాల దగ్గర, మెడ దగ్గర అన్నందుకు ఆమె తలెత్తి అతని వైపు చూసింది. అబద్ధాన్ని కాపాడటానికైతే అవునన్న ఒక్క మాట చాలు. ఆ మిగతాదంతా అప్పటికప్పుడు అల్లింది కాదు. ఆ పనస చెట్టు కింద కూర్చుని ఎన్ని ఆదివారాలు తలుచుకున్నాడో.

వాళ్ళు వెళ్ళిపోయాక అతను ఏమీ అడగలేదు. అడిగితే బాగుండునని ఆమె మూడు రోజులు ఎదురుచూసింది. చేపలు తెచ్చాడు, తొట్టిలో కోరు తిరగేశాడు, ప్రార్థన వేళకు వచ్చి పక్కన కూర్చున్నాడు. తిట్టే మనిషి కంటే తప్పు ఎత్తని మనిషి పక్కన ఉండటం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆదివారం చర్చిలో అందరితోపాటు నోరు తెరిచింది గాని పాట రాలేదు.

భోజనాలయ్యాయి. అతను లేచి చెట్టు వైపు నడవబోతుంటే పిలిచింది.

"ఆ రోజు ఎందుకు అవునన్నావయ్యా?"

"మరి వాళ్ళ ముందు కాదనమంటావా?"

"వాళ్ళు పోయాక నన్ను తిట్టొచ్చుగా."

"తిట్టి ఏం చెయ్యను రీటా? అబద్ధమైనా మంచిదే చెప్పావు." స్తంభానికి ఆనుకుని మళ్ళీ అన్నాడు: "చిన్నోడు పుట్టిన ఏడు ఒకసారి నీ వీపు మీద చెయ్యేశాను. నీకు గుర్తుందో లేదో. ఇవాళ ఇంకో ఒళ్ళు ముట్టుకునే ఓపిక నాకు లేదు అన్నావు."

ఆమెకు గుర్తు లేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు. పంతొమ్మిదేళ్ళుగా అతను మోస్తున్న మాటను తను అన్న గంటకే మరిచిపోయింది. ఇంకో ఒళ్ళు. చాప మీద వరసలో పడుకున్నవాళ్ళలో అతన్ని ఒకణ్ణి చేసింది. పోనీ వాళ్ళ పాటి వంతైనా ఇవ్వలేదు.

"అలిసిపోయి అనుంటావులే" అన్నాడతను. ఆ మాట ఆమెను ఇంకా కోసింది.

ఆమె లేచి ఒక్కొక్క తడికా దించడం మొదలుపెట్టింది. పక్కింటి నుంచి ఓలీవా గొంతు వినిపించింది. "మబ్బు చుక్క లేదు, తడికలు దించుతున్నారేంటమ్మా? మీ ఇంటి మీదొక్కటే పడుతోందా వాన?"

"నిద్రపో అవ్వా" అంది మాకెరీటా. తడికల వెనక చీకటి చల్లగా పరుచుకుంది. మతాయో సిగ్గుపడుతూ చొక్కా తీసి బోర్లా పడుకున్నాడు. ఆమె నూనెను అరచేతుల్లో వెచ్చబెట్టి అతని వీపు మీద పెట్టింది.

ఆగమని అందరికీ చెప్పే మనిషికి ఆగడం రాలేదు. వేళ్ళు వాటంతటవే ముడుల కోసం పరుగెత్తాయి. మెడ నుంచి ఎడమ భుజానికి, భుజం నుంచి మోచేతికి, అక్కణ్ణుంచి అరచేతికి. అరచేతి దగ్గర వేళ్ళు ఆగాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లేదు. అక్కడ పల్లం పడింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు నొక్కింది. అతను కదల్లేదు. గోటితో గిల్లింది. అయినా కదల్లేదు.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళయిందేమో. వాటికి ఏమీ తెలీదు. వేడి గిన్నె పట్టుకుంటే కాలిన వాసనొచ్చాకే తెలుస్తుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చాప ఎప్పుడు ఖాళీగా ఉంది?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఉన్నమాట చెప్పాడంతే.

రోజూ ఆ చేత్తో కోరిన కొబ్బరి నూనెనే ఆమె ఊరందరికీ రాసింది. ఓలీవా మోకాలి వాపు ఏ రోజు ఎంత తగ్గిందో ఆమెకు తెలుసు. ఆమె అతని వీపు మీద నుదురు ఆనించి ఏడ్చింది. మళ్ళీ కళ్ళు తుడుచుకుని, మెడ నరం పట్టుకోబోతే అతను ఆపాడు.

"ఇవాళ వైద్యం చెయ్యకు రీటా. వెతక్కు. ఊరికే చెయ్యి పెట్టు."

ఊరికే. ఏ పనీ లేకుండా ఒక ఒంటి మీద చెయ్యి పెట్టడం ఆమెకు ఎంతో కష్టమైంది. రెండు అరచేతులూ అతని భుజాలకు దిగువన, వీపు మీద ఉంచి ఊరుకుంది. చాలాసేపటికి అతని ఊపిరి ఆమె చేతుల్లోకి వచ్చింది. పైకి, కిందికి. తన ఊపిరీ ఎప్పుడో దాని వెంట పడింది. అతను తల పక్కకు తిప్పి, కళ్ళు మూసుకుని, "మెడ దగ్గర" అన్నాడు. ఆమె మెడ దగ్గర పెట్టింది.

మరునాడు చాప చుట్టేసి, వచ్చినవాళ్ళను వెనక్కి పంపి, అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మెడలో నరం చాలా కాలంగా నొక్కుకుపోయిందని, మొదట్లోనే వచ్చుంటే బాగయ్యేదని, ఇప్పుడు ముదరకుండా చూడగలం గాని పోయింది తిరిగి రావడం కష్టమని డాక్టరు చెప్పాడు. ఆమె చేసే పనేమిటో తెలియక, ఇంట్లో ఎవరైనా మర్దన చేస్తే కాస్త హాయిగా ఉంటుందని కూడా అన్నాడు. మతాయో ఆమె వైపు చూడకుండా కిటికీలోంచి చూశాడు.

కోరాము పని ఇప్పుడు పక్క ఇంటివాళ్ళు చేస్తున్నారు. మతాయో పూలు కోస్తాడు, వడకడతాడు.

ఆ బుధవారం మాకెరీటా హోటల్లో జంటల ముందు కూర్చుని, ఇంతకాలం ఇక్కడ చెప్పింది అబద్ధమని చెప్పింది. ఊరందరినీ ముట్టుకుని, ఇంట్లో మనిషిని పంతొమ్మిదేళ్ళు ముట్టుకోలేదని, మొన్న ఆదివారమే మొదలుపెట్టామని చెప్పింది. ఒకాయన నేల చూపులు చూశాడు. పాఠమయ్యాక తిరేసా పక్కకు పిలిచి, ఆ అబద్ధం వల్ల ఎవరికి నష్టమని అడిగింది. నాకే అంది మాకెరీటా. కాగితం మారుస్తానని తిరేసా ఒప్పుకుంది గాని, ఉన్న సీసాలు అయిపోయేదాకా పాత కాగితమే నడిచింది.

క్రిస్మస్‌కు నోరీన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళు ప్రతి ఆదివారం పాటిస్తున్నారట. మీలాగే పాదాల దగ్గరా, మెడ దగ్గరా అని పోట్లాడుకుంటున్నారట. వాళ్ళకు నిజం రాసేయాలని మాకెరీటా కాగితం ముందు పెట్టుకుంది. మతాయో ఒద్దన్నాడు. "వాళ్ళ ఆదివారం నిజమేగా. దాన్ని ఎందుకు కెలుకుతావు?" ఆ మాట సరైందో, తన తప్పుకు అతను ఇంకోసారి కాపు కాస్తున్నాడో ఆమెకు తేలలేదు. ఉత్తరం ఇంకా రాయలేదు.

ఆదివారాలు అన్నీ ఒకలా ఉండవు. కొన్నిసార్లు ఆమె వేళ్ళు మళ్ళీ ముడుల వెంట పడతాయి, వెతక్కు అంటాడు. కొన్నిసార్లు ఇద్దరికీ నిద్ర పట్టేస్తుంది. అతని వంతు వచ్చినప్పుడు ఆమె బోర్లా పడుకుంటుంది. ఎనిమిది వేళ్ళూ మెత్తగా కదులుతాయి. ఎంత బరువు వేస్తున్నాయో తెలియని రెండు మాత్రం వీపు మీద కాస్త గట్టిగా ఆనుతాయి. అప్పుడప్పుడు నొప్పి పుడుతుంది. ఆమె ఆ సంగతి అతనికి చెప్పదు.