మోకాలి లోతు నీళ్ళలో బల్ల ఆదివారం

వాన పడితే నాకు కవిత్వం రాదు, కోపం వస్తుంది. నాతో పనిచేసే బెంగాలీ ఆడవాళ్ళకి ఈ మాట చెబితే వింతగా చూస్తారు. మబ్బు పట్టగానే వాళ్ళకి వేడి కిచిడీ గుర్తొస్తుంది, నూనెలో వేగుతున్న పులస ముక్క గుర్తొస్తుంది. నాకు ఇటుకలు గుర్తొస్తాయి.

ఈ బెంగాలీ నగరంలో, ఏక్‌బాల్‌పూర్ అనే పేటలో ఒక పాత మేడలో కింది గది మాది. మేడ కట్టినప్పుడు వీధికన్నా ఎత్తుగానే ఉండేదట. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. వీధి పెరిగింది, మేం పెరగలేదు. ఇప్పుడు వీధిలోంచి మా గుమ్మంలోకి దిగి రావాలి. గంగ పోటు మీద ఉన్న వేళ గట్టి వాన కొట్టిందంటే కాలువల్లో నీళ్ళు నదిలోకి పోలేక వెనక్కి తిరిగి మా ఇంట్లోకి వస్తాయి. ఆటు మొదలయ్యేదాకా వాటితోనే కాపురం. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నిజం సంగతి ఏమోగాని, మా పల్లం మాత్రం ఆ నీళ్ళకి బాగా తెలుసు.

అందుకే ఈ ఊళ్ళో మంచాలు ఇటుకల మీద నిలబడతాయి. మంచం కోళ్ళ కింద ఇటుకలు పేర్చి, మంచాన్ని నడుం ఎత్తుకి లేపి, కింద ట్రంకు పెట్టెలూ బియ్యం డబ్బాలూ సర్దుకుంటారు. నీళ్ళొచ్చినప్పుడు అవన్నీ మంచం పైకెక్కుతాయి, వాటితోపాటు మనుషులూ. నాన్న శ్రీకాకుళం వైపునుంచి నగరపాలికలో వీధులూడ్చే పనికి వచ్చి, పెళ్ళయ్యాక అమ్మని తీసుకొచ్చి ఈ గదిలో దించాడు. ఆ రోజు గదిలో ఉన్న సామానల్లా మూలన పేర్చిన ఇటుకలేనట. మంచం తరవాత వచ్చింది. "ఇటుకలు సూసి ఇల్లు కడతాడేమో అనుకున్నాను" అని అమ్మ నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వులో కొంచెం ఎత్తిపొడుపు ఉండేది.

వానాకాలమంతా మా గదిలో ఏదీ పొడిగా ఉండదు. ఉప్పు నీరవుతుంది. అగ్గిపుల్ల రాజుకోదు. గోడకి తగిలించిన గుడ్డసంచికి బూజు పడుతుంది. బైబిలు పేజీలు ఉబ్బి అట్ట మూతపడదు. తలుపు కూడా ఉబ్బుతుంది, భుజంతో తోస్తేగాని పట్టదు. ఇంత తేమలో బతుకుతూ నేను చేసే ఉద్యోగమేమిటంటే, ఇంటింటికీ తిరిగి పూలకుండీల కింద, పాత టైర్లలో నీళ్ళు నిలవుంచకండి, దోమలు పెరుగుతాయి, జ్వరాలొస్తాయి అని చెప్పడం. చెప్పేవి శ్రీరంగనీతులు అన్నట్టు ఉంటుంది నాకే. మా గదిలో నిలవున్న నీళ్ళలో చేపలు పెంచుకోవచ్చు.

మేడ సొంతదారు పోయాక కొడుకు చేతికొచ్చింది. అతనికి మేడ పడగొట్టి ఫ్లాట్లు కట్టించాలని ఉంది. పైవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మేం వెళ్ళలేదు. అతను మమ్మల్ని ఎప్పుడూ తిట్టలేదు, బెదిరించలేదు. మర్యాదస్తుడు. అమ్మని మాసీమా అని, అంటే పిన్నిగారూ అని పిలిచేవాడు. "ఈ వానలో ఎలా ఉంటారు మాసీమా, ఊరెళ్ళి రండి, ఆరోగ్యం ముఖ్యం" అనేవాడు. అంత ప్రేమ ఎందుకో వీధికంతా తెలుసు. అవతలి గదివాళ్ళు అలాగే వానలకి ఊరెళ్ళి, తిరిగొచ్చేసరికి తలుపుకి వేరే తాళం ఉంది. తాళం పడ్డ గది పోయిన గదే. దాని కోసం ఎక్కడెక్కడో తిరిగి చివరికి హౌరా అవతల ఎక్కడో సర్దుకున్నారు. సొంతదారు తరఫున ఒక దలాలు, అంటే దళారి, వీధి మొగలో టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉండేవాడు. మా తలుపుకి తాళం కప్ప ఎప్పుడు వేలాడుతుందా అని చూడటమే అతని పని. నాన్న పోయాక మిగిలిన మేమిద్దరం ఒకేసారి గది వదిలి వెళ్ళింది లేదు. నేను పనికెళితే అమ్మ, అమ్మ బజారుకెళితే నేను.

ఒక్క రోజే చిక్కు. నెల మొదటి ఆదివారం.

ఆ రోజు మా గుడిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. మా వైపు ఆడవాళ్ళు ఆ రోజు తెల్లచీరలే కడతారు. ఎవరు పెట్టారో ఆ పద్ధతి, నాకు తెలియదు. ఎంత బీదవాళ్ళకైనా బల్లకోసం ఒక తెల్లచీర ఉంటుంది. వానాకాలంలో దానిని ఆరబెట్టడం ఒక యుద్ధం. అమ్మ గంజి పెట్టిన చీరని ఫ్యాను కింద రెండు రోజులు కట్టి, అప్పటికీ చెమ్మ పోకపోతే అంచు అంచుగా ఇస్త్రీపెట్టె కింద నొక్కేది. వీధిలో నీళ్ళుంటే పాత చీర కట్టుకుని, తెల్లచీరని ప్లాస్టిక్ కవరులో చుట్టి నెత్తిన పెట్టుకుని ఖిదిర్‌పూర్ గుడిదాకా నడిచి, అక్కడ వెనకగదిలో మార్చుకునేది. అందరూ అంతే. అమ్మ బల్ల మానిన నెల నాకు గుర్తులేదు. ఆ పూట నేను ఇంట్లో ఉండి, సాయంత్రం ఆరాధనకి వెళ్ళేదాన్ని.

ఆ యేడు శ్రావణంలో శుక్రవారం మొదలైన వాన వదల్లేదు. శనివారానికి గదిలో మోకాలి లోతు నీళ్ళు. మంచం మీద గ్యాస్ పొయ్యి, దాని పక్కన మేం. నేను తిరిగే వాడలో జ్వరాలు ఎక్కువగా ఉన్నాయని ఆదివారం పొద్దున్న కూడా డ్యూటీకి రమ్మని నాకు ఫోను వచ్చింది.

"ఈ నెల మానీ అమ్మా" అన్నాను. "దేవుడికి మన కష్టం తెలీదేటి?"

"దేవుడికి తెలుసు. దలాలుకి కూడా తెలుసు" అంది. "గది వదల్ను. బల్లా మానను."

"రెండూ ఎలాగవుద్ది?"

"అయ్యగారికి ఫోను సెయ్యి. బల్ల ఇంటికి తెమ్మను."

అయ్యగారు అంటే మా పాస్టరు. "ఇంటికి తెచ్చేది మంచాన పడ్డవాళ్ళకి కదా" అన్నాను.

"మరి నానెక్కడున్నాను, సింహాసనం మీదా?"

నాకు ఒళ్ళు మండింది. ఈ గది కోసం, ఈ మురికినీళ్ళ కోసం ఇంత పంతమా అని అరిచాను. వెళ్ళిపోదాం, ఎక్కడైనా మేడమీద చిన్న గది చూసుకుందాం అన్నాను. ఆవిడ నా వంక చూడలేదు. ఇస్త్రీపెట్టె అందుకుని తెల్లచీర అంచు సాగదీసింది. "మీ నాన్న ఈ ఊరు ముప్పొద్దులా ఊడ్సినాడు" అంది. "ఊరందరి ఇంటి ముందూ శుభ్రం సేసినాడు. ఆడికి ఈ ఊళ్ళో మిగిలింది ఈ గదొక్కటే. వాన తరిమితే ఎల్లిపోడానికి నాను పందికొక్కునా?" నేను ఫోను చేశాను.

మర్నాడు డ్యూటీ ముగించుకుని మా వీధి మొగకి వచ్చేసరికి వాన తెరిపిచ్చింది. టీకొట్టు దగ్గర జనం నన్ను చూసి మాటలాపారు. కొట్టతను గ్లాసు కింద పెట్టి, "ధైర్యంగా ఉండు దీదీ" అన్నాడు. దేనికి అన్నాను. అతను మా గుమ్మం వైపు చూశాడు. గుమ్మం ముందు తెల్లచీరల గుంపు. ఈ ఊళ్ళో ఒక ఇంటి ముందు అంతమంది తెల్లబట్టలతో నిలబడితే ఒకటే అర్థం, లోపల ఎవరో పోయారని. అయ్యగారూ ఆయన భార్యా ఇద్దరే వస్తారని నాకు తెలుసు. ఇంతమంది ఎందుకొచ్చారు? పొద్దున్నే బాగానే ఉన్న మనిషి కదా, టీ కూడా ఇచ్చింది కదా అని నాలో నేను అనుకుంటూ నీళ్ళలోకి దిగాను. నిన్న అరిచిన అరుపులన్నీ చెవుల్లో వినిపించాయి.

నా ముందు ఇంకొకతను నడుస్తున్నాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, చెప్పులు ఒక చేత్తో, రజనీగంధ పూలదండ ఒక చేత్తో పట్టుకుని. మేడ సొంతదారు. దలాలు ఫోను చేసి ఉంటాడు. అంత నీళ్ళలోనూ తలుపు చూసుకోవడానికి పరుగెత్తుకొచ్చాడు.

గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి లోపల పాట వినిపించింది. అందరికన్నా ఎత్తుగా, శ్రుతికి కొంచెం పక్కగా పాడే ఆ గొంతు నేను ఎక్కడున్నా పోల్చుకుంటాను. గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపొచ్చింది, దాని వెంటనే నవ్వొచ్చింది.

గుడిలో ఆరాధన అయ్యాక అయ్యగారు మా ఇంటికి బయలుదేరుతుంటే ఆడవాళ్ళు మేమూ వస్తామన్నారట. ఎవరూ చీర మార్చుకోలేదు. కవర్లలో చుట్టి నెత్తిన పెట్టుకుని కాపాడుకునే తెల్లచీరలతోనే నల్లటి నీళ్ళలో దిగి నడిచొచ్చారు. కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా మురికే. గదిలో పట్టినంతమంది నీళ్ళలో నిలబడ్డారు, మిగిలినవాళ్ళు వీధిలో. అయ్యగారు పంచె ఎగగట్టి రొట్టె పళ్ళెం పట్టుకున్నారు. నడుమ మంచం మీద, బియ్యం డబ్బాల మధ్య, మడత నలగని తెల్లచీరలో అమ్మ.

సొంతదారు దండతో గుమ్మంలో ఆగిపోయాడు. పాట అయ్యేదాకా ఎవరూ అతన్ని పట్టించుకోలేదు. తరవాత అమ్మ చూసింది. ఆవిడ బెంగాలీ సగం, తెలుగు సగం కలిపి మాట్లాడేది. అతనికి అన్నీ అర్థమయ్యేవి.

"అలా నీళ్ళలో నిలబడిపోయినావేటి బాబూ, పైకొచ్చి కూకో" అని డబ్బా జరిపి చోటిచ్చింది. అతను వద్దనలేక ఎక్కి కూర్చున్నాడు. అతని కాళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. దండ ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పూలెవరికి?"

"మీ దేవుడికి మాసీమా" అన్నాడు.

"మా దేవుడికి దండలెయ్యం బాబూ" అంది అమ్మ మెత్తగా. "నాకే తెచ్చినావు. నాకు తెలుసు. దాచుకోడానికేటుంది, అందరమూ పోయేవోళ్ళమే. కాకపోతే తొందరపడ్డావు." ఆడవాళ్ళలో ఎవరో నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అమ్మ నవ్వలేదు. "ఒక మాట ఇను. నాను పోయిన రోజు మళ్ళీ తే. ఈ గుమ్మంలోకే తే. అందాకా ఈ తలుపుకి నీ తాళం పడకూడదు. వీళ్ళందరి ముందూ సెప్పు."

అతను అయ్యగారి వైపు చూశాడు, గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూశాడు, వీధిలో తెల్లచీరల వైపు చూశాడు. చివరికి తలదించుకుని, "వెయ్యను మాసీమా" అన్నాడు. అమ్మ దండ తీసుకుని నీళ్ళబిందె మెడకి తగిలించింది. తరవాత అతనికి టీ ఇమ్మని నన్ను పురమాయించింది. చక్కెర ముద్దకట్టిపోయింది, చెంచాతో పొడిచి వేశాను.

అమ్మ పోయి రెండో యేడు నడుస్తోంది. చలికాలంలో, గది నేల ఎండిపోయి ఉన్న రోజుల్లో పోయింది. సొంతదారు వచ్చాడు. అదే రకం దండ, అదే గుమ్మం. మాట నిలబెట్టుకున్నాడు, ఆ గౌరవం అతనికి ఇవ్వాలి. మట్టి చేసి వచ్చాక, వెళ్ళబోతూ తలుపు వైపు ఒకసారి చూసి, "ఇంక నువ్వొక్కదానివే ఉంటావా?" అని మర్యాదగానే అడిగాడు.

"ఉంటాను" అన్నాను. "నా దండ కూడా ఇక్కడికే తేవాలి."

మేడ పడగొట్టే మాట ఇంకా నలుగుతూనే ఉంది. వీధి మళ్ళీ పెరిగింది. మొన్న కాల్‌బైశాఖి, అదే ఇక్కడి వేసవి గాలివాన, మొదటిసారి వీచిన సాయంత్రం, పని నుంచి వస్తూ రెండు చేతులా ఇటుకలు పట్టుకొచ్చాను. టీకొట్టు బల్ల మీద దలాలు ఇంకా కూర్చునే ఉన్నాడు, జుట్టు తెల్లబడింది. ఇంకా ఎందుకు ఇటుకలు అని అడిగాడు.

"వానొస్తోంది కదా దాదా" అని చెప్పి, గుమ్మంలోకి దిగాను.