మలుపు మైసమ్మ దగ్గర పన్నెండు నిమిషాలు

ఆ రోజుల్లో మనుషులకు ఓపిక ఎక్కువని మా వయసువాళ్లం అందరం చెప్పుకుంటాం. నా డైరీలు మాత్రం ఒప్పుకోవు. ఎనభైల నడుమ నాటి ఏ పేజీ తిప్పినా, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనెంత గాబరా మనిషినో నా చేతిరాతే చెబుతుంది. మాది మధిర. రైలు కూతతో నిద్రలేచి, రైలు కూతతో అన్నానికి కూర్చున్న ఊరు. (బెజవాడ బండి ఆలస్యమైతే మా ఇంట్లో పప్పు మాడేది.) అలాంటివాణ్ని తీసుకెళ్లి భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో గుమస్తాగా వేశారు. చేరిన వారానికే నా మీద పెట్టిన బాధ్యత ఒక పాత వ్యాను.

దాని రంగు తెలుపు అని కాగితాల్లో ఉంది. పెట్రోలు బండి. ఇంజను ముందువైపు కాకుండా డ్రైవరుకూ పక్క సీటుకూ మధ్యన, ఒక రేకు మూత కింద ఉండేది. మూత మీద గోనెసంచి, గోనెసంచి మీద నా టిఫిను డబ్బా. గమ్యం చేరేసరికి డబ్బాలో పెరుగన్నం పొగలు కక్కేది. పొద్దున్నే సెల్ఫు పలకదు, నలుగురు తోయాలి. ఎడమకు తిప్పితే హారను దానంతటదే మోగుతుంది, కుడికి తిప్పితే నొక్కినా మోగదు. పెట్రోలు ట్యాంకు కారే చోట బట్టల సబ్బు మెత్తి ఉండేది, రేడియేటరు కారినప్పుడల్లా అందులో పసుపు పోసేవాళ్లు. (వాసన చూస్తే బండి పేరంటానికి బయలుదేరినట్టు ఉండేది.) నేను ఊరుకోలేదు. ఫిర్యాదుల పుస్తకం ఒకటి తెరిచాను. ఏ రోజు, ఏ మైలురాయి దగ్గర, ఎటువంటి చప్పుడు అని గీతలు గీసి, చప్పుళ్లకు పేర్లు కూడా పెట్టాను: గరగర, టపటప, నిట్టూర్పు వంటిది. నెలకోసారి ఖమ్మం వర్క్‌షాపుకు తీసుకెళ్లి మేస్త్రీకి అదంతా చదివి వినిపించేవాణ్ని. డాక్టరు ఎదుట నొప్పి మాయమయ్యే రోగిలా, అక్కడ వ్యాను ఎంతో ముద్దుగా నడిచేది. మేస్త్రీ చెవి సందున బీడీ సర్దుకుంటూ అనేవాడు: "బండి బుద్ధిగనే ఉన్నది సారూ. మీకే జర నిమ్మళం తక్వున్నది."

వ్యాను నడిపేది కారేపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దాయన. కేంద్రంలో అందరికీ ఆయన 'మామ'. ఆయనకు నేను 'డైరీ సారు'. మూడో మనిషి మా నర్సు, సిస్టరమ్మ. పెనుబల్లి వైపు మనిషి, ఆదివారం ప్రార్థన తప్పేది కాదు, నన్ను తమ్ముడూ అనేది. ప్రతి బుధవారం మేం ముగ్గురం ఐసు పెట్టెలో పిల్లల టీకా మందులు పెట్టుకుని అడవి లోపలి సంతకు వెళ్లాలి. చుట్టుపక్కల గూడేల తల్లులు పిల్లల్ని తీసుకుని దిగేది ఆ ఒక్కరోజే. ఎండాకాలం కదా, పదకొండు కొడితే సంత ఖాళీ. ఆలోపు చేరకపోతే మళ్లీ వారం దాకా ఎవరూ దొరకరు.

దారిలో ఘాటు రోడ్డు ఎక్కి దిగబోయే చోట మలుపు మైసమ్మ గద్దె ఉండేది. మామ అక్కడ బండి ఆపకుండా ముందుకు కదిలేవాడు కాదు. ముందు ఇంజను మీది మూత ఎత్తి పక్కన పెట్టేవాడు. తర్వాత టెంకాయ కొట్టి, ఆ నీళ్లు ఇంజను పక్కనున్న ఒక గుండ్రటి డబ్బా మీద పోసేవాడు. ఆపైన బొట్టు పెట్టి, చిప్ప పగలగొట్టి తలా ఒక ముక్క చేతిలో పెట్టేవాడు. సిస్టరమ్మ ముక్క వద్దని సున్నితంగా చెప్పి, నీడన కూర్చుని ఫ్లాస్కులో టీ తాగేది. నేను గడియారం చూసుకుంటూ గద్దె చుట్టూ తిరిగేవాణ్ని. (ప్రదక్షిణ అనుకుని మామ సంతోషించేవాడని తర్వాత తెలిసింది.)

"మామా, టెంకాయ కొట్టావు సరే. ఆ మూత తీయడం దేనికి?" అని ఒకసారి అడిగాను.

"గదేంది సారూ, తల్లి సూడొద్దా? మూత ఏస్కోని పోతే తల్లికి ఏం గనవడ్తది? నాకు బండి నేర్పిన ఉస్తాదు గిట్లనే చేసిండు, నేన్ గిట్లనే చేస్తున్న."

"మరి ఇంజను మీద నీళ్లెందుకు?"

"అన్ని నన్నే అడుగుతరేంది? ఉస్తాదు పోసిండు, నేన్ పోస్తున్న."

ఆ సాయంత్రం పుస్తకంలో ఎర్ర సిరాతో రాశాను: 'మైసమ్మ దగ్గర ఆగుట, పన్నెండు నిమిషాలు. ఇంజనుపై కొబ్బరినీళ్లు పోయుట, తుప్పు పట్టు ప్రమాదం. రెండూ అనవసరం.' అనవసరం కింద రెండు గీతలు. పెద్ద డాక్టరు గారితో సంతకం పెట్టించి, మామకు ఉత్తర్వు చదివి వినిపించాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. చివరికి, "హారన్ కొట్టుకోవచ్చా సారూ?" అన్నాడు. ఉదారంగా ఒప్పుకున్నాను. (ఆ మలుపు ఎడమవైపు. ఎలాగూ వ్యానే కొట్టేది.)

మరుసటి బుధవారం కాదుగానీ ఆ పై బుధవారం, ఘాటు దిగిన రెండు మైళ్లకు బండి రెండుసార్లు వెక్కి ఆగిపోయింది. మామ ప్లగ్గులు తుడిచాడు, కార్బొరేటరు విప్పి నోటితో ఊదాడు. ఫలితం లేదు. గంట పోయాక దానంతటదే అంటుకుంది. వెళ్లేసరికి సంతలో ఎండు మిరపకాయల ఘాటు తప్ప మనుషులు లేరు. తర్వాతి వారం అదే చోటు, అదే వెక్కు. పెద్ద డాక్టరు గారు నన్ను పిలిచి, "ఈసారి కూడా అందకపోతే ఆ సంతను జాబితాలోంచి తీసేస్తా. మందు ఊరికే పాడైపోతోంది" అన్నారు. ఆ వారమే ఒక గూడెంలో పిల్లలకు తట్టు వచ్చిందని కబురు. సిస్టరమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ పై బుధవారం అరగంట ముందే బయలుదేరదీశాను. దారి పొడవునా గడియారం చూశాను, గోళ్లు కొరికాను, మామను తొందరపెట్టాను. మలుపులో హారను మోగింది. రెండు మైళ్లు గడిచాయి. వెక్కు, మరో వెక్కు, నిశ్శబ్దం. టైము తొమ్మిదీ నలభై. రోడ్డు మీద తారు అప్పటికే మెత్తబడుతోంది.

"నేన్ జెప్పలే? తల్లి కోపంతో ఉన్నది," అన్నాడు మామ, స్టీరింగు వదిలేసి.

"కోపం కాదు, మామా. దీనికేదో కారణం ఉంటుంది."

"ఉంటె గా బుక్కులనే ఉండాలె. ఎప్పటిసంది ఆగుతున్నదో సూడుండ్రి. ఉత్తర్వుకు ముందా, ఎన్కనా?"

మూఢనమ్మకాన్ని అంకెలతో ఓడిద్దామని పేజీలు తిప్పాను. ఉత్తర్వుకు ముందు పదకొండు బుధవారాలు. గరగరలు ఉన్నాయి, టపటపలు ఉన్నాయి, ఘాటు దిగాక ఆగిన బుధవారం ఒక్కటి లేదు. ఉత్తర్వు తర్వాత మబ్బు పట్టిన మొదటి వారం ఆగలేదు. ఎండ కాసిన మూడు వారాలూ ఆగింది. పుస్తకం నాది, చేతిరాత నాది, సాక్ష్యం మామ తరఫున.

సిస్టరమ్మ నా భుజం మీదుగా తొంగిచూసింది. "మబ్బు రోజు ఆగలేదా? అయితే వేడికే ఆగుతోంది, తమ్ముడూ. మామ మూత తీస్తే లోపల్నుంచి సెగ ఎట్లా కొట్టేదో గుర్తులేదా? మామా, ఆ నీళ్లు పోసే డబ్బా ఏంటది?"

"పెట్రోల్ పంపమ్మా."

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఘాటెక్కిన వేడికి ఆ పంపులో పెట్రోలు ఆవిరైపోయి, ఇంజనుకు అందడం లేదు. పన్నెండు నిమిషాలు మూత తీసి, చల్లటి నీళ్లు పోస్తే సర్దుకునేది. ఉస్తాదు తెలిసే చేశాడో, ఆయనకూ ఇంకో ఉస్తాదు చెప్పాడో, మైసమ్మకే తెలియాలి.

మా దగ్గరున్న నీళ్లు అప్పటికే రేడియేటరు తాగేసింది. మిగిలింది ఐసు పెట్టె. దాన్ని దారిలో తెరవకూడదని నిబంధన. ఆ నిబంధన చెప్పడానికి నేను నోరు తెరిచాను.

"తమ్ముడూ, ఇక్కడే కూర్చుంటే ఐసూ పోద్ది, మందూ పోద్ది, పిల్లలూ పోతారు. నువ్వా పుస్తకం మూసి ఇది పట్టుకో," అంటూ సిస్టరమ్మ రెండు ఐసు ముద్దలు తీసి, మిగతావాటి మధ్య మందు సీసాలు సర్ది, మూత చప్పున బిగించింది. వాటిని తువ్వాలులో చుట్టి పంపు మీద పెట్టాం. కాసేపటికి ఇంజను దగ్గి లేచింది. కానీ చెయ్యి తీస్తే మళ్లీ వెక్కు! అందుకని మిగిలిన దారంతా మూత తెరిచే ఉంచి, నేను సీట్లోంచి వంగి, ఆ తువ్వాలు పంపు మీద అదిమి పట్టుకున్నాను. చేతికి చలి, మోచేతికి మంట, ముఖానికి పొగ, ఎడమ మలుపు వచ్చినప్పుడల్లా చెవిలో హారను. గడియారం ఆ చేతికే ఉంది. (మధిర వదిలాక గంటసేపు టైము చూడకుండా ఉన్నది అదే మొదటిసారి.)

"గట్టిగ పట్టుండ్రి సారూ! నిట్టూర్పు వచ్చిందా? రాస్కోర్రి!" అని మామ పక్కనుంచి ఒకటే ఎగతాళి.

మేం చేరేసరికి తల్లులు పిల్లల్ని చంకనెత్తుకుని దారి పట్టారు. సిస్టరమ్మ బండి ఆగకముందే దూకి, వాళ్ల భాషలో కేకలు వేస్తూ పరుగెత్తింది. ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. పెట్టెలో ఐసు ఇంకా గలగలమంటోంది. మసి ముఖంతో, వణుకుతున్న చేతితో నేను దిగితే ఒక ముసలమ్మ నన్ను చూపించి ఏదో అంది, సంతంతా నవ్వింది. ఏమందని అడిగితే సిస్టరమ్మ సూదిలోకి మందు ఎక్కిస్తూ చెప్పింది: "ముందు నీకు వెయ్యమంటోంది. పిల్లల కంటే నువ్వే ఎక్కువ భయపడ్డట్టున్నావట." ఆ రోజు చివరి బిడ్డ దాకా మందు సరిపోయింది. సంత జాబితాలో నిలిచింది.

తరువాతి బుధవారం టెంకాయ నేనే కొన్నాను. పుస్తకంలో మాత్రం 'ఇంజను తనిఖీ, పన్నెండు నిమిషాలు' అని రాశాను. పెద్ద డాక్టరు గారు నా జాగ్రత్తను మెచ్చుకున్నారు. మామ ఆ మాట విని రెండు వారాలు నవ్వాడు.

ఆ పుస్తకం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఎర్ర సిరా వెలిసి లేత గులాబీ రంగుకు వచ్చింది, రెండు గీతల మీద నా నల్లటి వేలిముద్ర ఒకటి. ఈమధ్య పొద్దున నడకకు వెళ్లినప్పుడు, ఎత్తు ఎక్కాక కల్వర్టు గోడ మీద కూర్చుంటున్నాను. తొందరేం లేదు, గడియారం ఇంట్లోనే పెట్టి వస్తున్నాను. మొన్న పాలు పోసే ఆయన సైకిలు ఆపి, "ఏంది సారూ, అలసిపోయిండ్రా?" అన్నాడు.

"లేదయ్యా," అన్నాను. "మూత తీసి పెట్టాను."