ఊడిరాని కమ్మ

చిత్తూరు బజారులో మాకు తెలిసిన ఆచారి దుకాణంలో, కరిగించడానికి పక్కన పెట్టిన పాత బంగారంలో ఆ కమ్మల్ని చూశాను. ఒక్కోదానికి ఏడేసి ఎర్రరాళ్లు, వెనక చేత్తో కోసిన మర. ఎవరో ఏళ్ల తరబడి పెట్టుకుని ఉంటారు, అంచులు నునుపుదేలాయి. నా చెవుల కొత్త జుంకాలు తీసి ఆచారికిచ్చి వాటిని తెచ్చుకున్నాను. ఆ రోజు నుంచి నిద్రలో కూడా తీయలేదు. ఇత్తడి కూజాలు, అంచు చిరిగిన పాత పట్టుచీరలు, నాకు పాతవంటేనే మోజు. ఈ కమ్మలంటే ఇంకా ఎక్కువ.

పోయినేడు మా అక్కకు డెంగీ వచ్చి తిరుపతి ఆసుపత్రిలో చేర్చాం. రోజురోజుకూ రక్తకణాలు పడిపోయాయి. వరండాలో నిలబడి, కొండవైపు తిరిగి నిలువుదోపిడి మొక్కుకున్నాను. ఆ క్షణాన ఒంటి మీదున్న నగలన్నీ స్వామి హుండీలో వేస్తానని. మా ఇంట్లో తాళిని మాత్రం ఈ మొక్కులో కలపరు. వారానికి అక్క లేచి కూర్చుంది.

మొక్కు సంగతి తెలిసి అడ్డం పడింది కూడా అక్కే. బయలుదేరే రోజు తన సన్న రింగులు తెచ్చి నా ముందు పెట్టింది. కొండపైకి పోయే ముందు మంచివి బీరువాలో దాచి, వేయడానికి వేరేవి తొడుక్కోవడం మావాళ్లలో కొత్తేమీ కాదు. నా మనసూ అటే లాగింది. కానీ వారం వారం భజన మందిరంలో పురాణం చదివి అర్థం చెప్పేదాన్ని నేను. ఇచ్చిన మాటకు మూడో అడుగు కింద తల వంచిన చక్రవర్తి కథ చెప్పి ఎంతమందిని ఏడిపించానో. రింగులు అక్క చేతిలోనే పెట్టేశాను.

దర్శనమయ్యాక హుండీ దగ్గర గాజులు, ఉంగరం, కుడిచెవి కమ్మ వేసేశాను. ఎడమచెవిది మర తిరగలేదు. వెనక జనం నెడుతున్నారు, సేవకురాలు జరగమంటోంది. అక్క నన్ను గోడ పక్కకు లాగింది.

"స్వామి ఒకటి తీసుకున్నాడు మే. ఇంగొకటి నీకే ఉంచినాడు. పోదాం పా."

ఆ మాటకు కాళ్లు కదలబోయాయి. అదే మాట మందిరంలో ఎవరైనా అని ఉంటే, అది ఒట్టి సాకని అరగంట నేనే చెప్పి ఉండేదాన్ని.

"అది సబ్బు మడ్డి, అక్కా. స్వామి మాట కాదు. చెవి తెగినా సరే, తిప్పు."

అక్క మరను గోళ్లతో పట్టింది, జారిపోయింది. పళ్లతో పట్టుకోబోయి టక్కున ఆగింది.

"ఎంగిలి అయిపోతాది గదే."

ఇద్దరికీ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లతోనే. పైటకొంగు చుట్టి, నా తలను తన భుజానికి అదిమిపెట్టి, బలమంతా పెట్టి తిప్పింది. చెవి భగ్గుమంది. మర కదిలింది.

కమ్మ నా అరచేతిలో పెట్టింది గానీ నా చెయ్యి వదల్లేదు. రెండు చేతులూ కలిసే హుండీ దాకా వెళ్లాయి.

కొండ దిగే బస్సులో, చెవిరంధ్రాలు పూడకుండా రెండు వేపపుల్లలు విరిచి నాకు పెట్టింది అక్క. ఆ పుల్లలతోనే మందిరానికి వెళ్లి పురాణం చెప్పాను. ఆ వారం నా చెవుల్ని చూసినంతగా ఎవరూ పుస్తకాన్ని చూడలేదు.

తర్వాత మళ్లీ ఆచారి దగ్గరికి వెళ్లాను. పాతవేమైనా వచ్చాయా అని అడిగితే, ఒక జత తెల్లరాళ్ల కమ్మలు తీసి ముందు పెట్టాడు.

"రాళ్లు సూడండమ్మా, ఒక్కటి గూడా మాసిపోలేదు" అన్నాడు.

నేను కమ్మను వెనక్కి తిప్పి, ముందు మర సులువుగా ఊడుతోందో లేదో చూసుకున్నాను.