వెనక్కి అడగని కుర్చీలు

సేవా క్లబ్బు నెలపత్రికలో ఆయమ్మ ఫొటో పడాల్సిన చోట ఆమె కుడిచెయ్యి మాత్రమే పడింది. చక్రాల కుర్చీ వెనక పిడిని పట్టుకున్న చెయ్యి, మణికట్టు దాకా. మిగతా మనిషిని కత్తిరించేశారు. కుర్చీకి అటూ ఇటూ క్లబ్బు అధ్యక్షుడు, ఆయన భార్య, ముగ్గురు న్యాయనిర్ణేతలు పూలగుత్తులు పట్టుకుని పళ్లికిలిస్తున్నారు. కింద పెద్ద అక్షరాలు: ‘ఈ ఏటి ఉత్తమ సేవా కార్యక్రమం మనదే. ఉత్తమ పత్రిక కూడా మనదే.’ ఆ చెయ్యి ఎవరిదని పత్రిక చదివినవాళ్లలో ఒక్కరూ అడగలేదు. కుర్చీతోపాటే వచ్చిందనుకుని ఉంటారు.

నిజానికి ఆ చెయ్యి ఫొటో కోసం కుర్చీని పట్టుకోలేదు. అక్కణ్నుంచి లాక్కుపోవడానికి పట్టుకుంది.

ఆస్పత్రిలో పక్కలు మార్చి, మలమూత్రాలు ఎత్తి, పోయినవాళ్ల మొహాలు తుడిచి పంపించడంలోనే ఆమె వయసంతా గడిచింది. అందుకే చుట్టుపక్కల వీధులన్నిటికీ ఆయమ్మే. చివరికి మొగుడే మంచాన పడితే, ఉన్నదంతా ఊడ్చి అతనికో చక్రాల కుర్చీ కొంది. అతను ఎన్నాళ్లో కూర్చోలేదు. కుర్చీ వరండాలో మిగిలింది. పక్కింటి టైలరు కాలు విరగ్గొట్టుకుని, అది ఊరికే పడుందిగా ఆయమ్మా అంటే ఇచ్చింది. నడక వచ్చాక తెచ్చిచ్చాడు. తర్వాత వెనక వీధివాళ్లు అడిగారు. ఇంట్లో పెద్దవాళ్లు పోయినవాళ్లు, చూసినప్పుడల్లా గుండె కలుక్కుమంటోందని తమ కుర్చీలు కూడా తెచ్చి ఆమె వరండాలోనే వదిలి వెళ్లారు. అలా అవి ఎనిమిదయ్యాయి.

ఆమె పద్ధతి ఒక్కటే. ఇచ్చిన కుర్చీని వెనక్కి అడగదు. ఎన్నాళ్లయినా, ఇంకొకళ్లు గుమ్మంలో నిలబడి బతిమాలుతున్నా సరే, అడగదు. అవసరం తీరినప్పుడు వాళ్లే తెస్తారు. తెచ్చారంటే రెండే అర్థాలు: మనిషి లేచి నడిచాడు, లేదంటే మనిషి లేడు. ఆమె వాళ్ల మొహం చూసి, ఏమీ అడక్కుండా మంచినీళ్లిచ్చేది. ఆ వీధుల్లో చిన్నపిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. ఖాళీ కుర్చీని దొర్లించుకుంటూ ఎవరైనా ఆమె ఇంటివైపు వెళ్తుంటే జనం మాటలాపి గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్లు.

ఇది క్లబ్బు కార్యదర్శి చెవిన పడింది. ఆయనది మందుల షాపు. క్లబ్బు పత్రికకు సంపాదకుడూ ఆయనే. ఓ రోజు నాలుగు కొత్త కుర్చీలు తెచ్చి, ఇకనుంచి ఇది మనందరి కార్యక్రమం అమ్మా అన్నాడు. కొత్త కుర్చీల వీపు మీద క్లబ్బు పేరు ఉంది. నెల తిరిగేసరికి పాత వాటి మీదా పడింది. రంగు పూస్తే చక్రాలు తిరగడం మానెయ్యవు కదా అని ఆయమ్మ ఊరుకుంది. ప్రతి నెలా పత్రికలో ఒక ఇంటి ఫొటో వచ్చేది. గుమ్మం ముందు కుర్చీలో రోగి, పక్కన కార్యదర్శి, కింద వీధి పేరుతో సహా చిరునామా.

కొత్తవాటిలో ఒకటి ఆమె బావకి వెళ్లింది. అక్క మొగుడు. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. పక్షవాతం వచ్చి రెండు కాళ్లూ చచ్చుపడ్డాయి. కుర్చీ ఎక్కించిన రోజున మరదలి వంక ఎగాదిగా చూసి, “ఏమే, బస్సు తోలినవాణ్ని పట్టుకుని తోపుడుబండి ఎక్కించావు” అన్నాడు.

“స్టీరింగు లేదనా నీ ఏడుపు? హారను పెట్టిస్తాలే బావా.”

నిజంగానే పెట్టించింది. రబ్బరు బుడ్డి హారను, చేతి పక్కన. ఆ రోజునుంచి ఆయన పొద్దస్తమానం గేటు దగ్గరే. వచ్చేపోయే వాళ్లకి హారను కొట్టి, మెయిన్ రోడ్డు మీద వెళ్లే బస్సుల్ని తిట్టి, గేరు మార్చిన చప్పుడు బట్టే డ్రైవరు తాగాడో లేదో చెప్పేవాడు. మంచంలో ఉన్నన్నాళ్లూ మాటే లేని మనిషి నోరు ఇప్పుడు మూతపడ్డం లేదని అక్క విసుక్కునేది. విసుక్కుంటూనే ఆయనకి రెండోసారి అన్నం వడ్డించేది.

ఆయన ఒక్కసారే అనుమానం బయటపెట్టాడు. ఈ క్లబ్బు బాబులు రేపొచ్చి దీన్ని పట్టుకుపోరు కదా అన్నాడు. నేనిచ్చాక అడిగేదెవరు బావా, నువ్వు నడుచుకుంటూ వచ్చి మా వరండాలో పెట్టాలి గానీ, అంది ఆయమ్మ.

ఆ ఏడు చుట్టుపక్కల సేవా క్లబ్బులన్నిటికీ కలిపి పోటీ పెట్టారు. ఉత్తమ కార్యక్రమానికొకటి, ఉత్తమ పత్రికకొకటి, రెండు షీల్డులు. కార్యదర్శి ఆయమ్మ ఇంటికొచ్చి విషయం చెప్పాడు. జడ్జీలు ఆదివారం వస్తున్నారు. సందుగొందులు తిరిగే ఓపిక వాళ్లకి లేదు. పన్నెండు కుర్చీలూ హాల్లో వరసగా ఉంటే చూసి మార్కులేస్తారు. మధ్యాహ్నానికల్లా ఎవరివి వాళ్లకి పంపించేస్తాం.

ఆయమ్మ కుదరదంది. ఎందుకు కుదరదో కూడా విడమరిచి చెప్పింది. ఆయన తల ఊపుతూ విని, “ఒక్కపూటే కదమ్మా” అన్నాడు.

“మంచంలో ఉన్నవాడికి ఒక్కపూటంటే ఎంతో మీకు తెలీదండీ. మీ జడ్జీలనే ఇళ్లకి తీసుకురండి, నేను తిప్పి చూపిస్తాను.”

చూద్దాంలే అని వెళ్లిపోయాడు. ఆ మాటతో అది తెగిపోయిందనుకుంది. అలాంటివాళ్లు చూద్దాం అన్నారంటే నిర్ణయించేసుకున్నారని అర్థం. ఆ సంగతి ఆమెకి ఆస్పత్రిలో ఎవరూ నేర్పలేదు.

శనివారం క్లబ్బు వ్యాను బయల్దేరింది. చిరునామాల కోసం ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది, అన్నీ ఆయన పత్రికలోనే అచ్చయి ఉన్నాయి. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట: ఆయమ్మ తెమ్మంది. క్లబ్బు పేరు చెబితే తలుపు వేసే వాళ్లు కూడా ఆ మాటకి కిక్కురుమనకుండా ఇచ్చేశారు.

సాయంత్రం ఆయమ్మ అక్క ఇంటికి వెళ్లేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. బావ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అక్క మొహం పీక్కుపోయింది. కుర్చీ ఏదక్కా అంటే, నువ్వే తెమ్మన్నావటగా అంది.

బావ గోడకే చెప్పాడు. “డాక్టరు నీకు బాగా తెలిసినవాడేగా. నీతో చెప్పుంటాడు.”

“ఏం చెప్పాడని?”

“నువ్వు ఎవర్నీ వెనక్కి అడగవు. నన్ను అడిగావంటే ఇంకేముంది.”

ఆమె మంచం పట్టె మీద కూర్చుని పోటీ సంగతంతా చెప్పింది. షీల్డులు, జడ్జీలు, రేపు మధ్యాహ్నం, అన్నీ చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆ మాటలు ఆమెకే అబద్ధంలా వినిపించసాగాయి. కుర్చీలకి పోటీ పెట్టడమేమిటి? పసిపిల్లాడైనా నమ్ముతాడా? ఆయన ఓపిగ్గా విన్నాడు. కోపం లేదు. ఆ కోపం లేకపోవడమే ఆమెని భయపెట్టింది.

“మా అమ్మ పోయేముందు కూడా ఇదే గొంతుతో చెప్పావే,” అన్నాడు. “రేపు ఇంటికి పంపించేస్తారత్తయ్యా అని. పక్కనే ఉన్నాగా, విన్నాను.”

అది నిజం. పోయేవాళ్లకి ధైర్యం చెప్పడానికి ఒక గొంతు అలవాటైపోయింది. ఇప్పుడు బతికేవాడికి నిజం చెప్పడానికి ఆమెకి వేరే గొంతు లేదు.

పొద్దున్నే హాలుకి వెళ్లింది. పన్నెండు కుర్చీలు, పన్నెండు రిబ్బన్లు. తుడిచి, తళతళలాడించి, వరసగా నిలబెట్టారు. న్యాయనిర్ణేతలు కాఫీ తాగుతున్నారు. కార్యదర్శి ఆమెని చూడగానే ఎదురొచ్చి, సమయానికి వచ్చావమ్మా, ఖాళీ కుర్చీలు బోసిగా ఉన్నాయి, ఒకదాంట్లో కూర్చో అన్నాడు. న్యాయనిర్ణేతల్లో ఒకావిడ జాలిగా వంగి, నడుము నొప్పా, కాళ్లా అని అడిగింది.

ఆయమ్మ నేరుగా హారను ఉన్న కుర్చీ దగ్గరికి వెళ్లి పిడి పట్టుకుంది. ఫొటో అనుకుని అధ్యక్ష దంపతులు పరుగున వచ్చి పక్కన చేరారు. వాళ్ల వెనకే న్యాయనిర్ణేతలు. ఫ్లాష్ వెలిగింది. అది ఆరేలోగా ఆమె కుర్చీని తిప్పి, రిబ్బనుతో సహా గుమ్మం దాటించేసింది. వెనకనుంచి కార్యదర్శి గొంతు వినిపించింది: చూశారా, మా సేవ ఒక్క నిమిషం కూడా ఆగదు, మీ కళ్లముందే కుర్చీ రోగి ఇంటికి బయల్దేరింది. చప్పట్లు మోగాయి. వీధి మలుపు తిరిగేదాకా ఆ చప్పట్లు ఆమె వీపున తగులుతూనే ఉన్నాయి.

బావ కుర్చీ ఎక్కలేదు. మంచం పక్కకి తెచ్చి పెడితే చూసి, రేపు చూద్దాంలే అన్నాడు. ప్రతిరోజూ రేపే అయింది. అక్క బలవంతాన కూర్చోబెడితే గేటు దాకా పోనివ్వలేదు. హారను మీద చెయ్యి వెయ్యలేదు. అన్నం రెండు ముద్దలకి దిగింది. ఆ చలికాలం దాటలేదు. డాక్టరు గుండె అన్నాడు. అనక ఏమంటాడు?

కుర్చీని అక్కే తోసుకుంటూ తెచ్చింది. దారిపొడుగునా జనం గుమ్మాల్లో నిలబడ్డారు. ఆయమ్మ మంచినీళ్లిచ్చింది. అక్క నిలబడే తాగి, గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది. నీవల్లే అని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండునని ఆయమ్మ ఎన్నో రోజులు అనుకుంది.

క్లబ్బుకి రెండు షీల్డులూ వచ్చాయి. మిగతా పదకొండు కుర్చీల్లో కొన్ని పోటీ మర్నాడు ఇళ్లకి చేరాయి. బాగా కనిపించేవి సన్మానసభ కోసమని హాల్లోనే ఉండిపోయాయి. సభ అయ్యేలోగా అధ్యక్షుడు మారాడు. ఒకసారి బహుమతి వచ్చిన పనికి రెండోసారి ఇవ్వరట. కాబట్టి కొత్తాయన మొక్కలు నాటే పనెత్తుకున్నాడు. పత్రిక అట్ట మీద కుర్చీ పోయి మొక్క వచ్చింది. కుర్చీలు హాలు వెనక గదిలోకి పోయాయి.

ఆ గదిలో గడ్డపారలు, కుండీలు పెట్టుకోవాలని కార్యదర్శి మళ్లీ ఆయమ్మ ఇంటికొచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం. కుర్చీలన్నీ నీకే ఇచ్చేస్తున్నాం, మునుపటిలాగే నువ్వే చూసుకో అన్నాడు. ఆ సంగతి పత్రికలో వేస్తామని, ఆమె నోటితో రెండు మాటలు కావాలని పెన్ను తీశాడు. పొట్లాన్ని ఆమె ముట్టుకోలేదు. వరండాలో హారను కుర్చీ వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది. ఆమె ఆయనతో మాట్లాడిన ఆఖరి మాటలు అవే.

“పంపండి, తీసుకుంటాను. ఇకమీదట ఇచ్చేటప్పుడే గడువు చెప్పి ఇస్తాను. గడువు కాగానే, మనిషి ఎలా ఉన్నా సరే, నేనే వెళ్లి వెనక్కి అడుగుతాను. ఒక పూట ఉంచుకుని మళ్లీ ఇచ్చేస్తాను. అందర్నీ అడుగుతూ ఉంటే, అడిగినందుకు ఇంకెవరూ పోరు.”