మేడమ్ వంచిన మోకాలు

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, మేం దోహాలోని మదీనత్ ఖలీఫా అనే పేటలో ఉండేవాళ్ళం. నాన్న ఇంజనీరు. మా ప్రహరీకి అవతలి విల్లాలో ఒక ఐరిష్ మేడమ్ ఒంటరిగా ఉండేది. నేను చదివే బ్రిటిష్ సిలబస్ బడిలో ఆవిడే మాకు ఇంగ్లీషు చెప్పేది. ఎండ తగ్గాక ఆవిడ పెరటి మెట్ల మీద కూర్చుని నేను హోంవర్కు రాసుకుంటుంటే, ఆవిడ టీ తాగుతూ వాళ్ళ దేశం కబుర్లు చెప్పేది.

వాటిలో ఒక్క కబురు నా బుర్రలో నాటుకుపోయింది. వాళ్ళ దేశం పక్కనున్న ఇంగ్లండు రాజుల కింద వందల ఏళ్ళు నలిగిందట. విడిపడ్డాక రాజ్యాంగంలోనే రాసుకుందట, ఈ దేశం ఎవరికీ దొర బిరుదులు ఇవ్వదని. బయటివాళ్ళు బిరుదిస్తే ప్రభుత్వం ఒప్పుకుంటేనే పుచ్చుకోవాలట. మా ముత్తాతకు ఎవరో తెల్లదొర ఇచ్చిన పతకాన్ని దసరాకు కడిగి బొట్టుపెట్టే ఇంటినుంచి వచ్చినదాన్ని నేను. ఒక దేశం దేశమంతా అలాంటి పతకాలు అక్కర్లేదనుకోవచ్చని అంతవరకూ నాకు తెలియదు. వారం రోజులు అదే ఆలోచన.

ఆ ఏడు వ్యాసరచనలో నాకు మొదటి కప్పు వచ్చింది. వార్షికోత్సవంలో బహుమతులివ్వడానికి ఇంగ్లండు నుంచి ఒక లార్డుగారి భార్య వస్తోందన్నారు. ఆవిడ ముందుకు వెళ్ళిన ఆడపిల్లలందరూ ఒక కాలు వెనక్కి పెట్టి, గౌను అంచులు పట్టుకుని మోకాలు వంచాలని ప్రిన్సిపాల్ పది రోజులు ప్రాక్టీసు చేయించింది. నేను మెట్ల దగ్గర మేడమ్‌కి ఆ వంగడం చేసి చూపించాను. ఆవిడ నవ్వలేదు. "ఆవిడా నీలాగే ఒక అమ్మకి పుట్టిన మనిషే. నీ మోకాలు నీది," అంది.

ఆ మాట నన్ను వేదిక మీద నిటారుగా నిలబెట్టింది. చెయ్యి చాపి, థాంక్యూ చెప్పి, కప్పు తీసుకుని దిగిపోయాను. లార్డుగారి భార్య ఒక్క క్షణం తడబడి, నవ్వేసి, తరువాతి పిల్ల వైపు తిరిగింది. ఆవిడకి పట్టనే లేదు. పట్టింది ప్రిన్సిపాల్‌కి.

మర్నాడు నన్ను ఆఫీసు గదికి పిలిచారు. నాన్నని కూడా డ్యూటీ మధ్యలోంచి రప్పించారు. నా క్లాసు టీచరు కాబట్టి మేడమ్ కూడా ఉంది, కిటికీ పక్కన. ఇలాంటి పొగరు నీకు ఎవరు నేర్పారని ప్రిన్సిపాల్ నన్ను మూడుసార్లు అడిగింది. నేను మేడమ్ వైపు చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని భయం. ఎవరూ నేర్పలేదు, నాకే అనిపించింది అన్నాను. అంటున్నప్పుడు నాకు గర్వంగానే ఉంది. మేడమ్ ఇప్పుడు ఒక అడుగు ముందుకు వేస్తుంది, నేనే చెప్పానంటుంది అని ఎదురుచూశాను.

ఆవిడ కిటికీ తెర సర్దింది.

కప్పు వెనక్కి తీసుకున్నారు. క్షమాపణ పత్రం రాయించారు. ఇంట్లో దేవుణ్ణీ దొరనీ ఒకే నోటితో ఎండగట్టే మా నాన్న, ఆ గదిలో ప్రిన్సిపాల్‌కి రెండు చేతులూ జోడించి, చిన్నపిల్ల మేడమ్, ఇంకెప్పుడూ చెయ్యదు అన్నాడు. నాన్నని ఆఫీసు దగ్గర దించి, వాళ్ళ కంపెనీ కారు నడిపే కడప అన్న నన్ను ఇంటికి తీసుకొచ్చాడు. సంగతంతా అప్పటికే ఆయన చెవిన పడింది.

"ఏం పాపా, దొరసానికి దండం పెట్టకుండా వచ్చేసినావంట?"

నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

"ఏడవాకు. అందరమూ వంగుతాండాం. మాది కనపడతాది, పెద్దోళ్ళది కనపడదు. అంతే."

మా మేడమ్ వంగదు అన్నాను. ఆయన అద్దంలోంచి నన్ను చూసి, యల్లా, దిగు, ఇల్లొచ్చింది అన్నాడు.

ఆ శుక్రవారం సెలవు. ఎందుకు మాట్లాడలేదో ఆవిడనే అడుగుదామని ప్రహరీ సందులోంచి వెళ్ళాను. పెరటి తలుపు తెరిచే ఉంది. ఆ రోజుల్లో అక్కడ చర్చిలు లేవు. క్రైస్తవులు ఇళ్ళల్లోనే, చప్పుడు లేకుండా ప్రార్థన చేసుకునేవారు. హాల్లో తెరలు దించి పదిమంది నిలబడి ఉన్నారు. మధ్యలో మామూలు సూటు వేసుకున్న ముసలాయన, వేలికి పెద్ద ఉంగరం. మేడమ్ ఆయన ముందుకు వెళ్ళి, ఒక కాలు వెనక్కి పెట్టి, మోకాలు నేలకి ఆనేదాకా వంచి, ఆ ఉంగరాన్ని ముద్దుపెట్టుకుంది. పది రోజుల ప్రాక్టీసులో మాలో ఎవరికీ అంత చక్కగా కుదరలేదు. లేస్తూ నన్ను చూసింది.

అందరూ వెళ్ళాక మెట్ల మీదికి వచ్చి నా పక్కన కూర్చుంది. మీరే కదా చెప్పారు అన్నాను.

"చెప్పాను. నిజమే చెప్పాను."

తరువాత నెమ్మదిగా మిగతాది చెప్పింది. ఆ ముసలాయన వాళ్ళ ప్రాంతపు బిషప్పు. ఇండియా వెళుతూ దారిలో ఆగాడు. వాళ్ళ ఊళ్ళో ఉన్న ఒక్క బడీ ఆయన చేతికింద ఉంది. ఈవిడని భర్త వదిలేశాడు. విడాకులకి ఆ దేశపు చట్టం ఒప్పుకోదు. తరువాత ఆవిడ ఇంకొకరితో కలిసి బతికిందని ఆ బడి ఆవిడని తీసేసింది. రాజుల్ని తరిమిన దేశంలో పంతులమ్మ ఎవరితో కాపురం చెయ్యాలో చర్చి చెబుతుందన్నమాట. ఆవిడకి తన ఊరు కావాలి, ఆ బడి కావాలి. దానికి ఆయన దయ కావాలి. ఈవిడ మంచిదని మా ప్రిన్సిపాల్ రాసిచ్చే కాగితం కూడా కావాలి.

"అందుకా మాట్లాడలేదు?"

"నీకు పదకొండేళ్ళు," అంది ఆవిడ. "నీకు పడే శిక్ష చిన్నది అనుకున్నాను."

అది చెప్పేటప్పుడు కూడా ఆవిడ అబద్ధం ఆడలేదు. నా కోపమంతా అక్కడే ఉంది. లెక్క వేసి, నన్ను వదులుకుంది. నేను లేచి వచ్చేశాను. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. వేసవిలో ఆవిడ వెళ్ళిపోయింది. వాళ్ళ ఊరి బడిలో ఉద్యోగం వచ్చిందని అమ్మ చెప్పింది. నాకు సంతోషం కలగలేదు. ఇప్పుడు ఆవిడని మోకాళ్ళ మీదికి తోసిన వ్యవస్థ మీద నాకు ఎంత కోపమున్నా, ఆవిడ మీదిది పూర్తిగా పోలేదు.

ఇరవై ఏళ్ళుగా నేను సభల్లో మాట్లాడుతున్నాను. శాలువాల మీద, బిరుదుల మీద, స్వాముల పాదాల మీద పడే పెద్దమనుషుల మీద. ముందు వరసలో ఎవరో ఒక ఆడపిల్ల కళ్ళు విప్పార్చుకుని వింటూ ఉంటుంది. రేపు ఆ పిల్ల తన కాలేజీలోనో, ఇంట్లోనో నిటారుగా నిలబడుతుందని నాకు తెలుసు. శిక్ష పడేది ఆ పిల్లకేననీ తెలుసు. అందుకే సభ అయ్యాక కిందికి దిగి, నా ఫోను నంబరు ఆ పిల్ల పుస్తకంలో రాసిచ్చి చెబుతాను: ఇది నీకు ఎవరు నేర్పారని అడిగితే దాచకు, నా పేరు చెప్పు, నేను వస్తాను.

ఇంతవరకు నాలుగుసార్లు వెళ్ళాను.