చివరి ఇంటి కంకర బాట

మిన్నెసోటా మొత్తం మీద ఎల్డన్ టోర్సన్ ఇంటికి వచ్చినన్ని బళ్ళు గవర్నరు ఇంటికి కూడా రావు. రోజుకి ముప్ఫై, నేనే సాక్షి! మా వీధి ఆ ఇంటి దగ్గరే ఆగిపోతుంది. వీధి నుంచి గుమ్మం దాకా మిగతా వాళ్ళు వేసుకున్న బాటలు బద్ధకస్తులవి. నాది సిమెంటు, మంచుకి పగిలితే పగుల్లో ఇంత సిమెంటు కూరి ఊరుకుంటాను. ఎదురింటి డార్లీన్‌ది తారు, వేసవికోసారి నల్లపూత పూస్తుంది. ఎల్డన్‌ది కంకర. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, రోజూ పొద్దున్నే దంతె పట్టుకుని, చక్రాలు చిమ్మిన రాళ్ళను ఒక్కటి వదలకుండా మధ్యలోకి లాగుతాడు. బయట కంకర కరకరమంటే చాలు, లోపల రెండో కప్పులో కాఫీ పోసుకుని గుమ్మంలోకి వస్తాడు. కాసేపు నిలబడి ఆ కప్పు కూడా తనే తాగుతాడు.

మొన్న డార్లీన్ "ఇక్కడ బళ్ళు వెనక్కి తిప్పరాదు" అని బోర్డు రాసి తెచ్చింది. "దారి తప్పిన ప్రతివాడూ నీ కంకరంతా చిమ్మేసి పోతున్నాడు. ఇది పాతు, లేదా తారన్నా పోయించు, మొండి ముసలాయనా!" అంది.

"తారు మీద చప్పుడు వినపడదు" అన్నాడు ఎల్డన్. బోర్డును గోడకి ఆనించాడు. ఆ వారమే లోడు కంకర తెప్పించి, బండి వెనక్కి తిప్పుకునేవాళ్ళకి సులువుగా ఉంటుందని బాటను రెండడుగులు వెడల్పు చేశాడు.

నేను ఊరుకుంటానా? "ముప్ఫై బళ్ళకి ఇదేం చాలుతుంది, ఇంకో రెండడుగులు పెంచండి!" అని అరిచాను.

దంతె ఆపకుండానే అన్నాడు: "ముప్ఫై కాదు, మూడు. ఎవరూ దిగరు."