నానక్‌రామ్‌గూడకు దుబాసిగా

మలేషియాలోని ఈపో పట్టణంలో మా చర్చికి వచ్చేవాళ్లలో తెలుగు చదవడం, రాయడం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. హైదరాబాద్‌లో భవన నిర్మాణ కూలీల పిల్లలతో, వాళ్ల కుటుంబాలతో వారం గడపడానికి ఒక బృందం వెళుతోందనగానే పాస్టర్ డేనియల్ నన్ను దుబాసిగా రమ్మన్నారు. మా ముత్తాత విశాఖ వైపు నుంచి రబ్బరు తోటల పనికి ఓడెక్కిన మనిషి. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఇటు రాలేదు.

ముందురోజే బస్సులో కౌలాలంపూర్ చేరి, పొద్దున్నే విమానం ఎక్కాం. పక్కసీటు పెద్దాయన నా మాట విని ఏ జిల్లా అండి మీది అని అడిగారు. మా ఈపో ఉన్న పేరాక్ రాష్ట్రం పేరే చెప్పాను. కాసేపు ఆలోచించి, రాయలసీమ వైపా అన్నారు.

బస మూసాపేటలో, మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో. ఉదయం ఇడ్లీ తిని మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగేవాళ్లం. అక్కడి నుంచి షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడ. దారి పొడవునా అద్దాల మేడలే. వాటి వెనక కూలీల రేకుల షెడ్లు. అక్కడే మా టెంటు. పిల్లలకు ఆటలు, పాటలు, బొమ్మలు గీయించడం, మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు. బాచుపల్లి నుంచి వచ్చే సుజాత గారు మాకు స్థానికంగా తోడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం, మాకోసం సెలవు పెట్టారు.

మొదటిరోజే నా తెలుగు అక్కరకు రాలేదు. సగం మంది పిల్లలకు ఒడియానో హిందీనో తప్ప రాదు. తెలుగు వచ్చినవాళ్లు నేను నోరు విప్పితే నవ్వారు. నారాయణపేట నుంచి కొత్తగా వచ్చిన యాదమ్మ, మా ముసలవ్వ గిట్లనే మాట్లాడ్తుండె అంది. ఆమె కూతురు నందిని నాలుగేళ్ల పిల్ల. పాట పాడేటప్పుడు నా చున్నీ కొస పట్టుకుని నిలబడేది. ఇంత దూరం వచ్చి ఏం చేస్తున్నానన్న ప్రశ్న రాత్రి పక్క మీద కూడా వదల్లేదు.

ఐదోరోజు నందిని రాలేదు. షెడ్డులోకి వెళితే పిల్ల ఒళ్లు కాలిపోతోంది, డొక్కలు ఎగిసిపడుతున్నాయి. తండ్రి పని మీద ఎక్కడో పై అంతస్తులో ఉన్నాడు. యాదమ్మకు దవాఖాన ఎటో తెలియదు.

డేనియల్ గారికి చెప్పాను. సుజాత గారిని పంపుదాం, సాయంత్రం ముగింపు కార్యక్రమం, పాటలు నువ్వే పాడించాలి అన్నారు. తప్పేమీ కాదు ఆ మాట. కానీ యాదమ్మ నా చెయ్యి వదల్లేదు.

"నువ్వు రా అక్కా. జర నాకు అర్థమయ్యెటట్టు చెప్తవు."

నా తెలుగు ఎవరికైనా అర్థమవుతుందని ఈ ఊళ్లో అన్నది ఆమె ఒక్కతే. ఆటో ఎక్కాం. ఐటీ ఉద్యోగుల కార్ల మధ్య ఆటో ఇరుక్కున్నప్పుడల్లా దిగి పరిగెత్తాలనిపించింది. సర్కారు దవాఖానలో పిల్లను చూడగానే లోపలికి తీసుకెళ్లారు. న్యుమోనియా. డాక్టరమ్మ తెలుగులో చెబుతూనే మధ్యలో ఇంగ్లీషులోకి జారిపోయేది. నేను నాకు తెలుగు నేర్పిన మా అమ్మమ్మ మాటల్లో యాదమ్మకు చెప్పేదాన్ని: ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, ఆలస్యం చేయకుండా తెచ్చాం, మందు ఎక్కిస్తున్నారు.

ముగింపు కార్యక్రమం నేను లేకుండానే జరిగింది. బయలుదేరేదాకా ఉన్న రెండు రోజులూ వార్డు వరండాలోనే గడిచాయి. తండ్రి రాత్రి వచ్చి, కూలి పోతుందని పొద్దున్నే పనికి వెళ్లిపోయేవాడు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్లాలో తెలిసేది కాదు. బయలుదేరే రోజు పొద్దున నందిని రెండు ముద్దలు పెరుగన్నం తిని మళ్లీ పడుకుంది. జ్వరం మాత్రం పూర్తిగా దిగలేదు.

"ఇగ రేపు ఎవలొస్తరు?" అంది యాదమ్మ.

పక్కనే ఉన్న సుజాత గారు, "నేనొస్తానండి, ఆఫీసు కాగానే," అన్నారు.

విమానంలో డేనియల్ గారు ఫోటోలు చూపించారు. అందరూ బాగా నవ్వుతున్నారు. కాసేపటికి ఆయనే, ఆ పిల్ల ఎలా ఉందని అడిగారు. తెలియదన్నాను. ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఇలాంటి యాత్రకు వెళితే, ఏ కార్యక్రమమూ పెట్టుకోని రోజొకటి ఉంచుకోండి. వెనక్కి వచ్చాక కబురు చెప్పే మనిషి ఒకరు అక్కడ ఉండేలా చూసుకోండి.

కౌలాలంపూర్‌లో ఈపో బస్సు కోసం అటూ ఇటూ తిరుగుతుంటే సుజాత గారి సందేశం వచ్చింది. "జ్వరం దిగిందండి. పాప ఇంటికి వెళ్తానని ఏడుస్తోంది. యాదమ్మ మీకు చెప్పమంది." డేనియల్ గారికి తర్జుమా చేసి చెప్పాను. మళ్లీ చెప్పమన్నారు. రెండోసారి ఫోన్ ఆయన ముందు పెట్టి, ఒక్కో మాటా వేలితో చూపిస్తూ చెప్పాను. బస్సు వచ్చేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం.